సైన్యంలో నేను వండిన అన్నం

సెప్టెంబర్ 2

మళ్ళీ మొదలు. చివరి ఇంటర్వ్యూ దాకా వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చిన కంపెనీల పేర్లు ఇక్కడ రాయను. చదువుకుని ఏడవడానికి తప్ప ఎందుకూ పనికిరావు.

అమ్మతో ఒప్పందం కుదిరింది. ఈ చలికాలంలో ఉద్యోగం వస్తే సియోల్‌లో ఉంటాను. రాకపోతే గున్సాన్ వెళ్ళి పిన్ని కూరల కొట్లో కూర్చుంటాను. పిన్ని మంచిది. కొట్టూ మంచిదే. ఆ గల్లా పక్కన నన్ను నేను ఊహించుకుంటేనే ఊపిరాడదు.

ఇరవై ఎనిమిదేళ్ళు నాకు. ఇంటర్వ్యూలో వయసు అడగకూడదని రూలు, అడగరు కూడా. "డిగ్రీ అయ్యాక ఇన్నాళ్ళూ ఏం చేశారు?" అని మాత్రం చాలా మర్యాదగా అడుగుతారు.

ఈసారి ఒక్కదాన్నే చదవకూడదని ఇంటర్వ్యూల అభ్యాసానికి ఒక బృందం పెట్టాను. నెట్‌లో ప్రకటన వేస్తే ముగ్గురొచ్చారు. సించోన్‌లో గంటల లెక్కన అద్దెకిచ్చే గదిలో, వారానికి రెండు సాయంత్రాలు కలవాలి. మొదటి అమ్మాయి నారే. బ్యాంకు కావాలి. పేరు అడిగినా కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. రెండోవాడు తేగ్యంగ్. ఓడలు కట్టే కంపెనీ కావాలి. గొంతు కూడా ఓడకి సరిపోతుంది. మూడోవాడు ఓక్ గ్యుచాన్. ఆలస్యంగా వచ్చాడు, చేతిలో ఉడికించిన చిలగడదుంపల సంచీ.

"క్షమించండి లీడర్ గారూ, ఇవి ఉడకలేదు ఓ పట్టాన."

ఏ కంపెనీ కావాలండీ అంటే, "ఇంకా ఏమీ అనుకోలేదండి" అన్నాడు. నా వయసే. ఇంకా ఏమీ అనుకోలేదట! ఇలాంటివాళ్ళతో నాకు పడదు. దుంపలు మాత్రం బాగున్నాయి.

సెప్టెంబర్ 9

ఈ రోజు అన్నిటికంటే పాడు ప్రశ్న: "మీరు నాయకత్వం చూపిన సందర్భం ఒకటి చెప్పండి." మిఠాయిల కంపెనీ అయినా ఇదే, మందుల కంపెనీ అయినా ఇదే. అందరినీ నాయకుల్నే చేర్చుకుంటే చెప్పినమాట వినేవాళ్ళు ఎవరో నాకు తెలియదు.

నారే బేకరీలో పనిచేసినప్పుడు కొట్టుకోబోయిన ఇద్దరి మధ్య రాజీ కుదిర్చిందట. తేగ్యంగ్ వానలో దారి తప్పిన పదిమందిని కొండ దింపాడట. మగవాళ్ళందరూ సైన్యంలో తప్పక చేయాల్సిన దాదాపు రెండేళ్ళూ గ్యుచాన్ వంటశాలలోనే గడిపాడు. ఒకసారి మంచుకి దారి మూసుకుపోయి సరుకుల లారీ రాలేదు. ఉన్నది బియ్యం, కిమ్చీ పచ్చడి, కొన్ని చేపల డబ్బాలు. వంటవాళ్ళు ముగ్గురు, తినేవాళ్ళు వందమంది పైన.

"ఏదో, అందరం కలిసి అన్నం ముద్దలు చుట్టుకున్నామండి" అని ముగించేశాడు. అర నిమిషం కూడా పట్టలేదు.

లాగితే అసలు సంగతి బయటికొచ్చింది. ఆకలి మీద జనం వంటశాల ముందు తోసుకుంటుంటే ఇతను అందరినీ లోపలికి పిలిచి, చేతులు కడిగించి, "ఎవడి ముద్ద వాడు చుట్టుకోకూడదు, పక్కవాడికి చుట్టాలి" అన్నాడట. తోపులాట ఆగిపోయింది. చివరికి సార్జెంటు కూడా గ్లౌజులు తొడుక్కుని వచ్చి, నిన్నగాక మొన్న చేరిన కుర్రాడికి ముద్ద చుట్టి పెట్టాడట.

"ఇది కదా చెప్పాల్సింది! మీరు చేసింది మీరే చెప్పుకోకపోతే ఇంకెవరు చెప్తారు?" అన్నాను.

"నేను చేసిందేముందండీ, అన్నం కుక్కర్ వండింది."

నాది కాలేజీలో అయిదుగురం కలిసి చేయాల్సిన ప్రాజెక్టు. ఒకడికి నాయనమ్మ పోయింది, అదే ఏడాదిలో రెండోసారి. ఇంకొకరు ఫోనే ఎత్తలేదు. అంతా నేనే చేసి, నేనే చెప్పి, అయిదుగురికీ మంచి మార్కులు తెచ్చాను.

"అది నాయకత్వం కాదు లీడర్ గారూ, కూలిపని" అన్నాడు తేగ్యంగ్.

గ్యుచాన్ నవ్వాడు. గుర్తుపెట్టుకున్నాను. దాన్ని ఎలా సరిచేయాలో చూసేలోపు గది టైము అయిపోయింది.

సెప్టెంబర్ 16

కొత్త రూలు పెట్టాను. ఎవరి సంగతి వాళ్ళు చెప్తుంటే బట్టీ వాసన కొడుతోంది. కాబట్టి ఒకరిది ఇంకొకరు చెప్పాలి, అదీ "నేను" అనే చెప్పాలి. సొంతదారు ఎదురుగా కూర్చుని వినాలి. అప్పుడు తెలుస్తుంది ఎక్కడ చప్పగా ఉందో.

గ్యుచాన్‌ది నేను తీసుకున్నాను. "నేను సైన్యంలో వంటవాడిగా ఉన్నప్పుడు" అని మొదలుపెట్టి సార్జెంటు గ్లౌజుల దగ్గరికి వచ్చేసరికి నారే ముక్కు తుడుచుకుంటోంది. తేగ్యంగ్ బల్ల చరిచాడు.

"నేను ఇంత గొప్పవాణ్ణని నాకే తెలీదండి" అన్నాడు గ్యుచాన్. చెవులు ఎర్రబడ్డాయి.

నారేకి బ్యాంకు రాతపరీక్ష దగ్గరపడింది కాబట్టి మిగిలిన టైమంతా ఆమెకే. నాది వచ్చేసారి.

సెప్టెంబర్ 17

అతని చెవుల గురించి డైరీలో ఎందుకు రాశానో తెలియదు.

సెప్టెంబర్ 24

నాచు కంపెనీకి దరఖాస్తు పెట్టాను. పేరు రాయను, దిష్టి తగులుతుంది. తినే సముద్రపు నాచుని రేకులుగా ఎండబెట్టి, వేయించి దేశదేశాలకీ పంపుతారు. విదేశీ అమ్మకాల విభాగం. ఈ కంపెనీ నాకు నిజంగానే ఇష్టం. చిన్నప్పుడు నాన్న ఓడరేవులో ఆ పెట్టెలే ఎక్కించేవాడు, పెట్టెల మీద రాసిన ఊళ్ళ పేర్లు నాకు చదివి వినిపించేవాడు.

బృందానికి చెప్పాను. ఇంటికొచ్చేసరికి గ్యుచాన్ మెసేజి: "నేను కూడా పెట్టానండి."

ఇతను నాచు తినడు. అంగిట్లో అతుక్కుంటుందట. ఆ మాట మొన్ననే అన్నాడు. తినని నాచుని ఎవరికి అమ్ముతాడు? ఉన్న పోటీ చాలదా? ఒళ్ళు మండింది. బదులివ్వలేదు.

సెప్టెంబర్ 25

గ్యుచాన్ తన దరఖాస్తు చూపిస్తే రెండు చోట్ల తప్పులున్నాయని చెప్పి, నమూనాకి నాది ఇచ్చాను. సరిచేసి మళ్ళీ పంపాడు. తోటి అభ్యర్థి, అంతే. అన్యాయంగా గెలవడం నాకు నచ్చదు.

అక్టోబర్ 12

నారేకి బ్యాంకు వచ్చింది! ఫోన్‌లో ఏడుస్తుంటే రాలేదనుకుని నేనూ ఏడ్చాను. వచ్చిందని అర్థమయ్యాక ఇంకాసేపు ఏడ్చాం.

అక్టోబర్ 22

ఓడల కంపెనీలో ఉద్యోగం వచ్చి తేగ్యంగ్ ఉల్సాన్ వెళ్ళిపోయాడు. స్టేషన్‌లో మమ్మల్నిద్దర్నీ ఒకేసారి కౌగిలించుకుని, "లీడర్ గారూ, మీ రూలు లేకపోతే నేనింకా ఆ కొండ మీదే ఉండేవాణ్ణి" అని అరిచాడు. ప్లాట్‌ఫారం అంతా మావైపు చూసింది.

మిగిలింది మేమిద్దరం.

అక్టోబర్ 29

ఇద్దరికి గది ఎందుకని ఏటిగట్టు మీద బెంచీ దగ్గర కూర్చుంటున్నాం. ఇద్దరమే కాబట్టి ఇప్పుడు నాది తీరిగ్గా చూసుకోవచ్చు. కానీ అతను పక్కవాడికి ముద్ద చుట్టమన్న సంగతి ఈ రోజు కూడా మింగేశాడు. అసలు కీలకమే అది! మూడుసార్లు నేను చెప్పి చూపించాను. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

"రేపు నాది చూద్దాం" అన్నాను లేస్తూ.

"ఆ మాట మీరు మొన్న కూడా అన్నారు."

"మొన్న చలిగా ఉంది."

"ఈ రోజు?"

"ఈ రోజు కూడా చలిగానే ఉంది. పదండి."

నవంబర్ 4

నాచు కంపెనీలో ఇద్దరం మొదటి వడపోత దాటాం. చివరి ఇంటర్వ్యూ పదమూడున. తాడో పేడో అదే. మిగతా దరఖాస్తులన్నీ పోయాయి.

నవంబర్ 12

నా పుట్టినరోజు. పొద్దున్నే అమ్మ ఫోను. "నాచు సూప్ తాగావంటే ఊరుకోను!"

పుట్టినరోజున నాచు సూప్ తాగకపోతే పుట్టినట్టే కాదు. పరీక్ష ముందు తాగితే ఆ నాచు మీద కాలేసినట్టే జారిపోతాం. రెండూ ఒకే రోజు రావడం నా అదృష్టం. నాచు కంపెనీకి వెళ్తూ నాచు ముట్టకూడదు.

సాయంత్రం గ్యుచాన్ ఫ్లాస్కుతో వచ్చాడు. "పుట్టినరోజు సూప్. మాంసం, ముల్లంగి. జారేది ఏమీ వేయలేదండి."

"నా పుట్టినరోజని ఎవరు చెప్పారు?"

"మీరు నా దరఖాస్తు దిద్దడానికి మీది నమూనాగా ఇచ్చారు కదండీ. అందులో ఉంది."

వేడివేడిగా రెండు గిన్నెలు తాగాను. ఇంత రుచిగా వండేవాడు ఆఫీసు ఉద్యోగాల వెంట ఎందుకు పడతాడో అడగాలనుకుని, మళ్ళీ అతని జవాబు సరిచేయడంలో పడిపోయాను. మంచివాడు. తోటి అభ్యర్థుల్లో ఇలాంటివాళ్ళు అరుదు. అంతే.

నవంబర్ 13

జరిగిందంతా రాసేస్తాను. రాసేస్తే పోతుంది.

నలుగురిని ఒకేసారి పిలిచారు. వరసలో రెండో కుర్చీ నాది, మూడోది గ్యుచాన్‌ది. ఇద్దరం ఒకే గుంపులో పడతామని కలలో కూడా అనుకోలేదు. బల్లకి అవతల ముగ్గురు. మధ్యలో పొట్టి జుట్టు ఆవిడ, అటూ ఇటూ ఇద్దరు మగవాళ్ళు, వాళ్ళలో పెద్దాయన కళ్ళజోడు పైనుంచి చూస్తున్నాడు.

"మీరు నాయకత్వం చూపిన సందర్భం ఒకటి చెప్పండి. ఒక్కొక్కరికి ఒక నిమిషం."

మొదటి కుర్చీ అబ్బాయి రేడియోలో వార్తలు చదివినట్టు గడగడా చెప్పేశాడు. నా వంతు. నవ్వు మొహం పెట్టి, నడుం నిలబెట్టి, నోరు తెరిచాను.

"నేను సైన్యంలో వంటవాడిగా ఉన్నప్పుడు, ఒకసారి మంచుకి దారి మూసుకుపోయింది..."

ఆగలేదు! అదే ఘోరం. నా చెవులకి బాగానే వినిపించింది. బియ్యం, కిమ్చీ, తోపులాట, పక్కవాడికి ముద్ద, గ్లౌజుల సార్జెంటు దాకా వెళ్ళాను. ఎప్పుడూ ఇంత బాగా చెప్పలేదు. పెద్దాయన నా కాగితం తిప్పి చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు.

"మ్యోంగ్ హేవన్ గారూ, మీరు సైన్యంలో చేశారా?"

అప్పుడు గానీ నాకు తెలియలేదు ఏం చెప్పానో. మొదటి కుర్చీ అబ్బాయి ముక్కులోంచి నవ్వు తన్నుకొచ్చింది.

"లేదండి" అన్నాను. తర్వాతది ఏదీ నేను ఆలోచించి అన్నది కాదు. "ఇది నాది కాదు, ఈ పక్కనున్న ఆయనది. ఇద్దరం కలిసి అభ్యాసం చేశాం. చెప్పీ చెప్పీ నాదే అయిపోయింది. తప్పు పూర్తిగా నాది, ఆయనకి మార్కులు తగ్గించకండి. ఆయన్నే అడగండి, నిజంగా జరిగిందండి అది. కాకపోతే ఆయన సరిగ్గా చెప్పరు, పక్కవాడికి చుట్టమన్న ముక్క వదిలేస్తారు. ఆ ముక్క వదలనివ్వకండి."

పొట్టి జుట్టావిడ చెయ్యెత్తి నన్ను ఆపింది. "మరి మీ సొంతది?"

ప్రాజెక్టు సంగతి మొదలుపెట్టాను. రెండు మాటలు చెప్పేసరికి నాకే వినబుద్ధి కాలేదు. "క్షమించండి. అందులో నేను ఒక్కదాన్నే పనిచేశాను. అది నాయకత్వం కాదనుకుంటాను" అని ఊరుకున్నాను.

గ్యుచాన్ వైపు తిరిగాడు పెద్దాయన. "మీదేదో ఆవిడ చెప్పేశారు. మీరేం చెప్తారు ఇంకా?"

"నాకంటే బాగా చెప్పారండి. నా నిమిషం మిగిలింది కాబట్టి ఆవిడది నేను చెప్తాను" అన్నాడు. ఎప్పుడూ నసిగే మనిషి ఒక్క మాట నసగలేదు. "మా బృందంలో నలుగురం. పెట్టింది ఆవిడే. ఒకమ్మాయి నలుగురిలో నోరు విప్పలేకపోయేది, ఇప్పుడు బ్యాంకులో కౌంటర్ దగ్గర కూర్చుంటోంది. ఒకతను ఉల్సాన్‌లో ఓడలు కడుతున్నాడు. మా ముగ్గురివీ ఆవిడకి కంఠతా వచ్చు. ఆవిడది మాత్రం మాకెవరికీ రాదు. ఎందుకంటే ఆవిడ వంతు వచ్చేసరికి టైము అయిపోయేది. మా ముగ్గురి వల్లే అయిపోయేదని మాకు తెలుసండీ, ఆవిడకి తెలీదు. ఇప్పుడు కూడా చూశారుగా, ఉద్యోగం పోతుంటే నా మార్కుల గురించి బతిమాలారు."

పొట్టి జుట్టావిడ ఏదో రాసుకుంది.

"సరే. మా కంపెనీలోనే ఎందుకు చేరాలనుకుంటున్నారు?" అన్నాడు పెద్దాయన.

ఇంత మాట్లాడినవాడు మళ్ళీ నసిగాడు. "నాచు... ఒంటికి మంచిదండి."

లిఫ్టు దిగి బయటపడ్డాం. బస్టాపులో అరిచాను. "మీ నిమిషం నాకెందుకు ఇచ్చారు? పిచ్చా మీకు? నేనెలాగూ మునిగాను, మీరు గట్టెక్కొచ్చు కదా!"

"మెల్లగా అనండి, జనం చూస్తున్నారు."

"చూడనీ!"

"సైన్యంలో చేసినావిడని భయపడతారండి."

అరుస్తున్నదాన్ని నవ్వాను, నవ్వుతున్నదాన్ని ఏడ్చాను. ఎదురుగా బండి మీద కారంలో ఉడికిన బియ్యప్పిండి ముద్దలు కొనిపెట్టి, నేను ఏడుస్తూ తింటుంటే కాగితపు రుమాళ్ళు ఒక్కొక్కటే అందించాడు.

నవంబర్ 14

గున్సాన్ బస్సు వేళలు చూశాను.

డిసెంబర్ 1

నేను నెగ్గాను.

తెర మీద నా పేరు రెండుసార్లు చదివాను. అతనే ముందు ఫోన్ చేశాడు. "చూశారా? చూశారా?" అని కేకలు. మీదేమైంది అంటే, "చాలా మర్యాదగా రాశారండి. నా భవిష్యత్తు బాగుండాలని కోరుకుంటున్నారట" అన్నాడు.

సాయంత్రం నాచు సూప్ వండుకొచ్చాడు. "పుట్టినరోజు బాకీ. ఇప్పుడు తాగొచ్చు, జారినా ఫర్వాలేదు." గిన్నె పక్కకి నెట్టాను. మిమ్మల్ని తొక్కి ఎక్కినట్టుంది, చేరనని రాసేస్తాను అన్నాను. ఇన్ని నెలల్లో మొదటిసారి కోపం వచ్చింది అతనికి.

"అలా చేస్తే నేను చెప్పిందంతా అబద్ధమవుతుంది. నేను అబద్ధం చెప్పలేదు. తాగండి, చల్లారిపోతుంది."

తాగాను. చాలా బాగుంది. ఫోన్‌లో అమ్మ ఏడ్చింది. పిన్ని ఒక పెట్టె నిండా కిమ్చీ పంపింది, ఎంతో కష్టం మీద నన్ను వదిలించుకున్నట్టు.

జనవరి 10

చేరి వారం దాటింది. పని బాగుంది. పెట్టెల మీద ఊళ్ళ పేర్లు ఇప్పుడు నేనే టైపు చేస్తున్నాను. మనుషులూ మంచివాళ్ళే. గ్యుచాన్ తనకి పని ఉందంటాడు, నేనూ నాకు పని ఉందంటాను. ఇప్పుడు తోటి అభ్యర్థి కూడా కాదు.

ఆ బెంచీ మా ఆఫీసు దారిలో లేదు. ఈ రోజు బస్సు ఎక్కకుండా ఆ దారిన నడిచాను. నడక ఆరోగ్యానికి మంచిది.

జనవరి 16

పొట్టి జుట్టావిడ మా మేనేజరు. గూ గారు. ఈ రోజు భోజనానికి తీసుకెళ్ళి, సూప్ వస్తుండగా మామూలుగా అడిగేసింది.

"నీ పక్కన కూర్చున్న అబ్బాయి ఎలా ఉన్నాడు? ఆ సైన్యం వంటవాడు?"

బాగున్నారండి అన్నాను. ఇన్నాళ్ళూ అడగలేనిది నోట్లోంచి వచ్చేసింది. "ఆయన చెప్పిన మాటల వల్లే కదండీ నన్ను తీసుకున్నారు?"

"పిచ్చిదానా, పక్కవాడు పొగిడాడని ఎవరైనా ఉద్యోగం ఇస్తారా? నీ తప్పు బయటపడింది కదా, ఇంకొకరైతే అక్కడ తమని తాము కాపాడుకుంటారు. నువ్వు అతన్ని కాపాడబోయావు. అప్పుడే నేను టిక్కు పెట్టేశాను. అతను చెప్పింది ఆ తర్వాత."

"మరి ఆయన్ని ఎందుకు తీసుకోలేదండీ? ఆయన నాకంటే..."

"మాకందరికీ నచ్చాడు. కానీ మా దగ్గరికి ఎందుకొచ్చావంటే జవాబు లేదు." గూ గారు చెంచా కింద పెట్టి నన్ను తేరిపార చూసింది. "నిజంగా తెలీదా నీకు? అతను నాచు అమ్మడానికి రాలేదమ్మా. నీతో వచ్చాడు."

తర్వాత ఏం తిన్నానో గుర్తులేదు.

జనవరి 17

ఈ డైరీ మొదటి నుంచి చదివాను. ఒక్కత్తినే కూర్చుని సిగ్గుపడ్డాను.

నాకు ఓక్ గ్యుచాన్ అంటే ఇష్టం. చాలా ఇష్టం. ఎన్నాళ్ళనుంచో. ముగ్గురివీ కంఠతా పట్టినదాన్ని, ఇది మాత్రం నా బుర్రకెక్కలేదు.

జనవరి 25

మొదటి జీతం వచ్చింది. మొదటి జీతంతో అమ్మానాన్నలకి ఎర్రటి లోపలి బట్టలు కొనాలి, చలికి వేసుకునేవి. ఇప్పుడు ఎవరూ వేసుకోరు, అయినా కొనాలి. కొనకపోతే అమ్మ ఊరంతా చెప్పుకోవడానికి ఏముంటుంది? మార్కెట్లో ముసలావిడ "ఇద్దరికేనా?" అంటే, "ముగ్గురికి" అన్నాను. "మూడోవాళ్ళ కొలత?" అంటే తడుముకోకుండా చెప్పాను.

తిన్నగా అతని గదికి వెళ్ళాను. పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది. మంగళవారం ఇంటర్వ్యూ ఉందట. బడిపిల్లలకి భోజనాలు వండే సంస్థలో, వంటశాల చూసుకునే పని. ఎందుకు చేరాలనుకుంటున్నారు అని నేనే అడిగాను.

"పిల్లలు తింటుంటే చూడాలని ఉందండి" అన్నాడు. వెతుక్కోలేదు, నసగలేదు.

బాగుంది, ఇదే చెప్పండి అన్నాను. సంచీ చేతిలో పెట్టాను. విప్పి, ఎర్రగా ఉన్నదాన్ని పైకెత్తి చూశాడు.

"లీడర్ గారూ, ఇవి అమ్మానాన్నలకి కదండీ కొంటారు?"

"ఇంట్లోవాళ్ళకి కొంటారు" అన్నాను.

నా గొంతు నాకే వినపడనంత చిన్నగా వచ్చింది. కానీ విన్నాడు. ఆ బట్టలు మడత పెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడత పెట్టాడు. నాకు పారిపోవాలనిపించింది. పారిపోలేదు. అతను వెళ్ళి పొయ్యి తగ్గించి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"హేవన్, అన్నం తిన్నావా?"

గారూ లేదు, మీరూ లేదు. ఆఫీసులో తినే వచ్చాను, కడుపు నిండుగా ఉంది.

"లేదు" అన్నాను.